దువ్వాడ దాటాక ఆగిన బండిలో

వైజాగ్‌లో పెళ్లి బాగా జరిగింది. స్టేషన్ నుంచి మధురవాడకి ఆటో అతను ఐదు వందలు అడిగాడు, బేరమాడితే నాలుగు వందల యాభైకి దిగాడు. రాజమండ్రిలో ఆ డబ్బుతో ఊరంతా తిరిగి రావచ్చు. అంతకు మించి పెళ్లి గురించి రాయడానికేమీ లేదు. నేను రాయాలనుకున్నది అక్కడికి వెళ్తున్నప్పటి రైలు ప్రయాణం గురించి.

బండి అనకాపల్లి దాకా టైముకే వచ్చింది, దువ్వాడ దాటి కాస్త దూరం పోయాక ఆగిపోయింది. ఈ దారిలో తిరిగేవాళ్లకి ఇది అలవాటే. లోపల ప్లాట్‌ఫాం ఖాళీ అయితేగానీ సిగ్నల్ పడదు. ఫ్యాను గాలి వేడిగా ఉంది, ఇరవై రూపాయల టీలో పాల జాడ లేదు. చిరాకు పెరుగుతుండగా ఎదురు సీట్లో అమ్మాయి ల్యాప్‌టాప్ మీద కన్ను పడింది. ఒక గ్రాఫు. నియాన్, క్రిప్టాన్, జెనాన్ అని మూడు వరుసల చుక్కలు. అన్నీ 1 అనే గీతకి కిందే ఉన్నాయి, కుడివైపు పోయేకొద్దీ మెల్లగా దాని దగ్గరికి ఎక్కుతున్నాయి.

ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేక అడిగేశాను. "దేన్ని కొలిచారమ్మా ఇందులో?"

"క్వార్కు హేడ్రాన్‌గా, అంటే క్వార్కులు కలిసి తయారయ్యే ప్రోటాన్ లాంటి కణంగా, మారే తీరు, మాస్టారూ. జర్మనీలో హెర్మీస్ ప్రయోగం వాళ్ల కొలతలు. నేను రీసెర్చ్ చేస్తున్నాను, వాళ్ల ఫలితాలు చదువుకుంటున్నా."

1968లో అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్లు ప్రోటాన్ లోపల గట్టి గింజల్లాంటివాటికి తగిలి చెదిరాయని, దానికి ఫ్రీడ్‌మన్, కెండాల్, టేలర్‌లకి 1990లో నోబెల్ వచ్చిందని క్లాసులో చెప్పేవాణ్ణి. ఆ గింజలే క్వార్కులు. దెబ్బ తిన్న క్వార్కు తర్వాత ఏమవుతుందో మా పాఠంలో లేదు.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. క్వార్కు ఎప్పుడూ విడిగా బయటికి రాదు. అది పరిగెత్తుతుంటే వెనక బలక్షేత్రం సన్నని తీగలా సాగుతుంది. ఆ తీగ లాగుడు ఫెమ్టోమీటరుకి (సుమారు ప్రోటాన్ అంత దూరానికి) దాదాపు 1 జీఈవీ, అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. లెక్క వేస్తే దాదాపు 16 టన్నుల బరువు! సాగి సాగి తెగిన చోట కొత్త క్వార్కు, యాంటీక్వార్కు జత పుడుతుంది. చివరికి డిటెక్టర్‌కి చేరేవి పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్ల లాంటి హేడ్రాన్లే. జరిగేదంతా కేంద్రకమంత చోటులోనో దాని చుట్టుపక్కలో, డిటెక్టర్ మాత్రం మీటర్ల దూరంలో.

"మరి క్వార్కు హేడ్రాన్‌గా మారే ఆ కాస్త సమయాన్ని ఏ గడియారంతో కొలుస్తారు?" అన్నాను.

"కేంద్రకమే స్కేలు, మాస్టారూ."

ఆ జవాబుతో నా చిరాకంతా పోయింది. హెర్మీస్‌లో 27.6 జీఈవీ కిరణపుంజాన్ని ఒకసారి చిన్న కేంద్రకం ఉన్న డ్యూటీరియం (బరువు హైడ్రోజన్) మీద, ఇంకోసారి పెద్ద కేంద్రకం ఉన్న జెనాన్ మీద పంపారు. చెదిరిన ఒక్కో ఎలక్ట్రాన్‌కి ఎన్ని పయాన్లు వచ్చాయో లెక్కపెట్టి, జెనాన్ లెక్కని డ్యూటీరియం లెక్కతో భాగించారు. కేంద్రకం అడ్డు రాకపోతే భాగఫలం 1. జెనాన్‌కి అంతకన్నా బాగా తగ్గింది. క్వార్కుకి ఎక్కువ శక్తి అందితే, సాపేక్షత వల్ల (వేగంగా పోయేదానికి కాలం నెమ్మదిస్తుంది కాబట్టి) హేడ్రాన్ తయారయ్యేలోపు అది చాలా దూరం పోయి కేంద్రకం దాటేస్తుంది. గ్రాఫులో కుడివైపు శక్తి ఎక్కువ, అందుకే చుక్కలు అటు పైకెక్కుతాయి. "పూర్ణా మార్కెట్ సందు దాటాక గంప నెత్తికెత్తుకుంటే ఎవరికీ తగలదు కదా. సందులోనే ఎత్తుకుంటే అడుగడుగునా తగులుతుంది," అంది. వైజాగ్ పిల్లే అని అప్పుడు తెలిసింది.

ప్రోటాన్లు మాత్రం ఒకచోట 1 దాటిపోయాయి. అవి కేంద్రకంలో ముందే ఉన్నాయి కాబట్టి, తాకిడికి ఊడి బయటపడి లెక్కలో చేరతాయట.

పయాన్లు తగ్గింది అవి లోపలే పుడితే కేంద్రకం మింగేసినందుకా, క్వార్కే గ్లూయాన్లు (క్వార్కుల్ని అతికించే కణాలు) వెదజల్లి శక్తి పోగొట్టుకున్నందుకా? ఇది ఇంకా తేలని తగువు. దాన్ని విడదీయడానికే హేడ్రాన్లకి పక్కవైపు ద్రవ్యవేగం ఎంత పెరిగిందో కూడా చూస్తారు. అమెరికాలో జెఫర్సన్ ల్యాబ్‌లో 5 జీఈవీ ఎలక్ట్రాన్లతో కార్బన్, ఇనుము, సీసం మీద ఇదే పని చేశారు. అక్కడ డ్యూటీరియాన్ని, ఘనపదార్థాన్ని ఒకే కిరణం దారిలో ఒకేసారి నిలబెట్టారు. కిరణం హెచ్చుతగ్గులు రెండింటికీ ఒకేలా తగిలి, భాగించినప్పుడు కొట్టుకుపోతాయి. ప్రాక్టికల్స్‌లో ఏళ్లతరబడి పిల్లల వెంటపడి చెప్పిన జాగ్రత్త అదే. దాన్ని అంత పెద్ద యంత్రంలో వాడారని విని ఎంత సంతోషమేసిందో!

మర్నాడు పొద్దున్నే ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) వైపు నడిచాను. స్వామి జ్ఞానానంద అణు పరిశోధనశాల పెట్టిన క్యాంపస్ అది. ఎమ్మెస్సీ రోజుల్లో గీగర్ కౌంటర్ టిక్కులు లెక్కపెడుతూ రాత్రి దాకా కూర్చున్నది అక్కడే. సంఖ్యల్ని సంఖ్యలతో భాగించి కంటికి కనబడనిదాని గురించి మాట్లాడటం ఆ గదుల్లోనే నేర్చుకున్నాను.

పెళ్లిలో మా తమ్ముడి కొడుక్కి ఇదంతా చెప్తే, "పెదనాన్నా, బరువైన క్వార్కయితే?" అని అడిగాడు. అమెరికాలో బ్రూక్‌హేవెన్‌లో కట్టబోయే ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్‌లో చార్మ్ అనే బరువైన క్వార్కులతో చూడబోయేది అదేనని చెప్పాను. వాడు ఫోను పక్కన పెట్టి, చార్మ్ బరువెంతో చెప్పమని కూర్చున్నాడు. రెండో బంతికి పిలిచినా ఇద్దరం లేవలేదు.