గొంతు బాగోలేదని వాళ్ళకి ముందే తెలుసు

కొన్నేళ్ళ కిందట నాకొక అలవాటుండేది. రాత్రి నిద్ర పట్టకపోతే ఫోన్లో పాటల పోటీల ఆడిషన్ క్లిప్పులు పెట్టుకునేదాన్ని. బాగా పాడినవాళ్ళవి కాదండీ, ఘోరంగా పాడినవాళ్ళవి. శ్రుతి ఒక దిక్కు, లయ ఒక దిక్కు పోతుంటే జడ్జి కళ్ళు మూసుకోవడం, పక్కనున్నావిడ కాగితం అడ్డం పెట్టుకుని నవ్వడం, దాని వెనక టింగుటింగుమంటూ కామెడీ మ్యూజిక్. ఇంట్లోవాళ్ళు లేస్తారేమోనని దిండులో మొహం పెట్టుకుని మరీ నవ్వేదాన్ని.

ఎప్పుడైనా మనసులో కాస్త చివుక్కుమంటే దానికో సమాధానం రెడీగా ఉండేది. వీణ్ణి ఎవరు రమ్మన్నారు? పాడటం రాదని ఆమాత్రం తెలీదా?

తెలీదు. తెలీకుండా చూసుకుంటారు. ఈ షోలకి ఆడిషన్ అంటే వేలమంది వస్తారు, అంతమంది పాట ఆ పెద్ద జడ్జిలు వినడం అయ్యే పని కాదు. కాబట్టి ముందు ప్రొడక్షన్ వాళ్ళు కూర్చుని కెమెరాల హడావిడి లేకుండా ఒకటో రెండో రౌండ్లు వడపోస్తారు. అక్కడ బాగా పాడినవాళ్ళు పైకి వెళ్తారు, ఏదో మామూలుగా పాడినవాళ్ళు ఇంటికి వెళ్తారు, మరీ చెత్తగా పాడినవాళ్ళలో కొందరు మాత్రం మళ్ళీ పైకే వెళ్తారు. అంటే నేను పగలబడి నవ్విన ఆ అబ్బాయి జడ్జిల ముందుకొచ్చేసరికే "నువ్వు సెలెక్ట్ అయ్యావు" అన్న మాట ఒకటికి రెండుసార్లు విని వచ్చాడన్నమాట. ఇంటికి ఫోన్ చేసి చెప్పుకునే ఉంటాడు. ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకొచ్చి ఉంటాడు. అతని మొహంలో కనిపించే ఆ నమ్మకం ఉంది చూశారూ, దాన్ని చూసే కదా మనం ఎక్కువ నవ్వేది, ఆ నమ్మకం వాళ్ళు పోసి పెంచిందే. గొంతు బాగోలేదని వాళ్ళకి మొదటి రోజే తెలుసు, అందుకే పంపారు.

ఈ సంగతి ఎవరితో అన్నా వెంటనే వచ్చే మాట, "సంతకం పెట్టాడుగా" అని. పెడతారు, నిజమే. ఆ కాగితాల్లో మిమ్మల్ని ఎలాగైనా చూపిస్తాం, నవ్వులపాలైనా మీరు కేసు వెయ్యకూడదు అన్న అర్థం వచ్చే షరతులు ఉంటాయి. లైన్లో వెనక వందమంది నిలబడి ఉంటే పేజీలు తిప్పి చదివేవాళ్ళెవరు?

సంతకం మాట వచ్చినప్పుడల్లా నాకు నసుబి గుర్తొస్తాడు. నసుబి అంటే జపనీస్‌లో వంకాయ. మొహం పొడుగ్గా ఉంటుందని అతనికి పెట్టిన పేరు. 1998 జనవరిలో, ఇంకా పేరు రాని కుర్ర కమెడియన్. నిప్పన్ టీవీ వాళ్ళ 'దెన్పా షోనెన్' అనే షోకి లాటరీలో ఎంపికయ్యాడు. తీసుకెళ్ళి ఒక చిన్న గదిలో పెట్టి బట్టలు విప్పించి, ఇవిగో పత్రికలు, ఇవిగో పోస్టుకార్డులు, వీటిలో వచ్చే బహుమతుల పోటీలకి రాసుకో, వచ్చినవాటితోనే బతుకు, మొత్తం 10 లక్షల యెన్ల విలువైన బహుమతులు గెలిచిన రోజు వదిలేస్తాం అన్నారు. తిండి కూడా గెలుచుకోవాల్సిందే. ఒక దశలో బహుమతిగా వచ్చిన కుక్కల తిండి తిన్నాడు. ఇదంతా చాలావరకు టీవీలో రాదని అతనికి చెప్పారు, కానీ వారం వారం వస్తూనే ఉంది, కోటి మందికి పైగా చూస్తూనే ఉన్నారు. పార్సిల్ వచ్చినప్పుడల్లా అతను ఒంటరిగా గంతులేస్తుంటే దాని మీద నవ్వుల సౌండు వేసేవారు.

335 రోజులకి లక్ష్యం పూర్తయింది. బహుమతి అని చెప్పి కొరియా తీసుకెళ్ళారు. అక్కడ ఇంకో గది. తిరుగు ప్రయాణం ఖర్చు కూడా ఇలాగే గెలుచుకో అన్నారు, అతను అదీ చేశాడు. చివరికి జపాన్ తీసుకొచ్చి మళ్ళీ ఒక గదిలోకి పంపారు. ఇక్కడే నాకు ఒళ్ళు జలదరించేది. ఎవరూ ఏమీ అనలేదు, అతనే తనంతట తాను బట్టలు విప్పేసి కూర్చున్నాడు. అలవాటైపోయింది. అప్పుడు గది గోడలు నాలుగు వైపులా పడిపోయాయి. చూస్తే అది స్టూడియో. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు.

మొదటి గది తలుపుకి తాళం లేదట. ఇది కూడా "మరి వెళ్ళిపోవచ్చుగా" అనేవాళ్ళకి పనికొచ్చే ముక్కే, నాకు తెలుసు.

అమాయకుణ్ణి ఏడిపిస్తే చూసేవాళ్ళకి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అదే ఒళ్ళు పొగరున్నవాళ్ళనైతే ఏ ఇబ్బందీ ఉండదు. 2007లో బ్రిటన్ సెలబ్రిటీ బిగ్ బ్రదర్‌లో శిల్పా శెట్టిని జేడ్ గూడీ, ఆమె జట్టు మాటలన్నది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కి 44 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. జేడ్ బయటికొచ్చేసింది, శిల్ప గెలిచింది, నేను కూడా "బాగా తిక్క కుదిరింది" అనుకున్నాను. అదే జేడ్ 2002లో బిగ్ బ్రదర్‌కి వచ్చినప్పుడు ఆమె లావునీ చదువునీ వెక్కిరిస్తూ పత్రికలు పంది అని రాశాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. డెంటల్ నర్సుగా పనిచేసుకునే పిల్ల. దేశమంతా నవ్వితేనే ఆమెకి పేరొచ్చింది, డబ్బొచ్చింది. 2008లో శిల్ప యాంకరింగ్ చేసిన బిగ్ బాస్‌కే జేడ్ వచ్చింది, ఆ ఇంట్లో ఉండగానే క్యాన్సర్ అని తెలిసి వెళ్ళిపోయింది. 2009 మార్చిలో పోయింది, 27 ఏళ్ళకి. ఆఖరి నెలలు కూడా టీవీలో వచ్చాయి, ఇద్దరు కొడుకుల కోసం డబ్బు కావాలని ఆమే ఒప్పుకుంది.

ఆమె శిల్పని అన్న మాటలు తప్పు కాదని నేననడం లేదు. నాకు ఆ "తిక్క కుదిరింది" మీదే అనుమానం. ఆడిషన్ కుర్రాణ్ణి చూసి నవ్విన నవ్వుకీ దానికీ పెద్ద తేడా ఏముంది? షోకి ప్రతి సీజన్లో అలాంటి మనిషి ఒకరు కావాలి. దొరక్కపోతే ఎడిటింగ్‌లో తయారవుతారు. రోజంతా తీసిన దాంట్లోంచి గంట సేపు చూపించేటప్పుడు, ఎప్పుడో నిద్రలేమితో చిరాగ్గా పెట్టిన మొహాన్ని ఇంకెవరో ఏడుస్తున్న చోట అతికిస్తే చాలు.

జపాన్‌లో హనా కిమురా అనే 22 ఏళ్ళ రెజ్లర్ ఇలాంటి షోలోనే ఉండేది. ఉతకడంలో పాడైన తన కాస్ట్యూమ్ గురించి తోటి కుర్రాడితో గొడవపడిన ఎపిసోడ్ వచ్చాక ఆమెని తిడుతూ మెసేజ్‌లు మీద పడ్డాయి. 2020 మేలో ప్రాణం తీసుకుంది. తిట్టినవాళ్ళలో ఒకడికి పడిన జరిమానా 9 వేల యెన్లు. ఆ తర్వాత 2022లో అక్కడ అవమానించడానికి శిక్ష ఏడాది జైలు దాకా పెంచారు.

ఇది రాయడం కోసం నిన్న రాత్రి ఆ పాత ఆడిషన్ క్లిప్ మళ్ళీ వెతికాను. ఇంకా ఉంది. ఆ చొక్కా, ఆ నమ్మకం, అన్నీ తెలిసే చూశాను. రెండో చరణం దగ్గర అతని గొంతు పగిలి జడ్జి కళ్ళు మూసుకునే చోటు వచ్చింది. నవ్వొచ్చేసింది.