తిరుపతిలో లెక్కల టీచర్ల మధ్య

కడప నుంచి బస్సులో తిరుపతికి వెళ్తుంటే కోడూరు వరకు అరటి, మామిడి, బొప్పాయి తోటలే. బాలపల్లె దగ్గర్నుంచి శేషాచలం అడవి మొదలవుతుంది. ఎర్రచందనం పెరిగే కొండలవి. బస్సులో సగం మంది దర్శనానికి వెళ్తున్నవాళ్లు. నేను వెళ్తున్నది గణితోపాధ్యాయుల సదస్సుకు. రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టారు. ఆ రోజును 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం కాబట్టి, డిసెంబరు వచ్చిందంటే లెక్కల టీచర్లకు ఎక్కడో ఒకచోట సభ ఉండనే ఉంటుంది. ఈసారి తిరుపతి అనగానే మా స్టాఫ్‌రూములో అందరూ లడ్డూలు తెమ్మన్నారు.

ప్రారంభ సభ, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు అన్నీ పద్ధతిగా జరిగాయి. వాటి గురించి ఎక్కువ రాయను. నాకు రాయాలనిపించేది మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగిన ఒక సెషన్ గురించి. ఆ వేళలో సాధారణంగా హాలు సగం ఖాళీ అవుతుంది, ఉన్నవాళ్లకు కునుకు పడుతుంది. ఆ రోజు అలా జరగలేదు.

మాట్లాడింది పలమనేరు వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసే ఒక మేడం. స్లైడ్లు లేవు. ఏడో తరగతి పిల్లల నోటు పుస్తకాల జిరాక్సులు తెచ్చి అందరికీ పంచారు. ప్రశ్న చాలా మామూలుది. 0.4, 0.35, 0.125 ఈ మూడింటినీ ఆరోహణ క్రమంలో రాయండి. కొందరు పిల్లలు ఇచ్చిన వరుసనే మళ్లీ రాసేశారు: 0.4, 0.35, 0.125. ఎందుకలా రాశావని అడిగితే ఒక పిల్లవాడు, "నాలుగు కన్నా ముప్పై ఐదు పెద్దది, దానికన్నా నూట ఇరవై ఐదు పెద్దది కదా మేడం" అన్నాడట. ఈ తప్పు లెక్కలు చెప్పేవాళ్లందరికీ తెలిసిందే. ఒకటో తరగతి నుంచి పూర్ణసంఖ్యల్లో నేర్చుకున్న పద్ధతినే వాడు చుక్క తర్వాతి అంకెలకు కూడా వాడాడు.

మేడం అక్కడ ఆగలేదు. "ఇప్పుడు సరిగ్గా రాసిన పిల్లల సంగతి చూద్దాం" అన్నారు. 0.125, 0.35, 0.4 అని రాసిన ఒక అమ్మాయిని కూడా అదే ప్రశ్న అడిగారట. ఆ అమ్మాయి జవాబు: "పదో వంతు కన్నా నూరో వంతు చిన్నది, నూరో వంతు కన్నా వెయ్యో వంతు చిన్నది. అందుకని చుక్క తర్వాత ఎన్ని ఎక్కువ అంకెలుంటే అంత చిన్న సంఖ్య." అయితే 0.4, 0.75లో ఏది చిన్నది అని అడిగితే, తడుముకోకుండా 0.75 అందట.

హాల్లో ఒక్కసారిగా గుసగుసలు మొదలయ్యాయి. నేను జిరాక్సు మళ్లీ తిరగేసి చూశాను. ఆ అమ్మాయి పేజీలో అన్నీ రైటు మార్కులే. అడిగిన సంఖ్యలు అలాంటివి మరి: ఎక్కువ అంకెలున్నదే ప్రతిసారీ చిన్నదైంది. ఆమె తప్పు నియమం ఆ పేజీలో ఎక్కడా పట్టుబడే వీలు లేదు. తప్పు రాసిన పిల్లవాడికి టీచర్ దగ్గర కూర్చుని మళ్లీ చెప్పించుకునే అవకాశం వచ్చింది. సరైన జవాబు రాసినందువల్లే ఆ అమ్మాయికి అది దక్కలేదు. దిద్దినవాళ్ల తప్పు కాదది, ప్రశ్న ఎంచుకున్న తీరులో ఉన్న లోపం. సదస్సు మొత్తంలో నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే.

ఇది మన పిల్లల దగ్గరే కనిపించేది కాదని కూడా మేడం చెప్పారు. అమెరికా, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ పిల్లలపై జరిపిన ఒక అధ్యయనం 1989లో అచ్చయింది. అందులోనూ ఈ రెండు రకాల నియమాలూ కనిపించాయి. భాష వేరు, పుస్తకాలు వేరు, అయినా పిల్లలు ఒకే రకమైన దారుల్లో తప్పిపోతున్నారు. అంటే వాళ్లు గుడ్డిగా రాయడం లేదు. తెలిసినదాంట్లోంచి ఒక నియమం అల్లుకుని, దాన్నే నమ్మి రాస్తున్నారు.

తర్వాత చర్చ వేడెక్కింది. డబ్బుల లెక్కతో చెబితే తేలిగ్గా అర్థమవుతుందని ఒక సార్ వాదించారు. పీలేరు నుంచి వచ్చిన ఇంకో సార్ ఒప్పుకోలేదు. రూపాయల్లో చుక్క తర్వాత ఎప్పుడూ రెండంకెలే ఉంటాయి, పిల్లలు దాన్ని రూపాయలు వేరు, పైసలు వేరు అన్నట్టు రెండు సంఖ్యలుగా చదువుకుంటారు, అసలు ఇప్పటి పిల్లలు పైసలు చూసిందెక్కడ అన్నారు. ఆయన ఓటు మీటరు స్కేలుకు. 0.4 మీటరంటే 40 సెంటీమీటర్లు, 0.35 అంటే 35, 0.125 అంటే పన్నెండున్నర. పిల్లల చేత కాగితం పట్టీలు కత్తిరించి పక్కపక్కన పెట్టిస్తే ఏది పొడుగో కళ్లకే కనిపిస్తుంది. నాకూ అదే సరైనదనిపించింది. పట్టీని ముట్టుకుని చూసిన పిల్లవాడికి నియమం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

సాయంత్రం ఒక రిటైర్డ్ లెక్చరర్ పావులూరి మల్లన గురించి మాట్లాడారు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మల్లన. లెక్కను పద్యంలో చెప్పుకున్న జాతి మనది. మహావీరాచార్యుడు జవాబు పూలదండలా కనిపించే గుణకారాలు కొన్ని ఇచ్చాడు. లెక్చరర్ గారు వాటిలో ఒకటి బోర్డు మీద రాసి అందరినీ చేయమన్నారు: 152207ను 73తో హెచ్చించండి. నిమిషంలోపే హాలంతా నవ్వులు, చప్పట్లు. జవాబు 11111111. తల నెరిసిన టీచర్లు కూడా చిన్నపిల్లల్లా ఒకరి కాగితంలోకి ఒకరు తొంగి చూసుకున్నారు.

సభలు ముగిసిన మర్నాడు పీలేరు సార్, నేను శ్రీవారి మెట్టు దారిన కొండెక్కాం. శ్రీనివాసమంగాపురం దాటాక మొదలయ్యే దారి అది. 2.1 కిలోమీటర్లు, 2388 మెట్లు. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, 3550 మెట్లు. ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నచోట సార్ ఫోన్లో భాగహారం చేశారు. ఈ దారిలో సగటున మెట్టుకు సుమారు 0.88 మీటరు, అలిపిరి దారిలో సుమారు 2.54 మీటర్లు. "ఈ 2.54 పిల్లలకిచ్చి, మెట్టు అంత వెడల్పుంటుందా అని అడగాలబ్బా" అన్నారు. అలిపిరి దారిలో మెట్లు లేని నడక చాలా దూరం ఉంది, మోకాళ్ల పర్వతం దగ్గరేమో నిటారుగా ఎక్కాలి. ఆ రెండూ కలిసిపోయి 2.54 అయ్యాయి. ఆ దారిన నడిచిన పిల్లలు ఈ సంగతి తమంతట తామే చెప్పగలరు. సగటు పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

దర్శనం బాగా జరిగింది. క్యూలో నిలబడ్డంతసేపూ ఇద్దరం దశాంశాల ప్రశ్నపత్రం గురించే మాట్లాడుకున్నాం, చివరికి ఒకటి ఖాయం చేసుకున్నాం. ప్రతి జతలో పెద్దదేదో గుర్తించి, ఎందుకో ఒక వాక్యం రాయాలి. 0.4, 0.35: అంకెలు ఎక్కువుంటే పెద్దదనుకునేవాళ్లు ఇక్కడ దొరుకుతారు. 0.4, 0.75: ఎక్కువుంటే చిన్నదనుకునేవాళ్లు ఇక్కడ దొరుకుతారు. 4.08, 4.7: సున్నాను పట్టించుకోనివాళ్ల కోసం. 0.5, 0.50 జత కూడా పెడదామన్నాను నేను. పెద్దదేదని అడిగి రెండూ సమానమైనవి ఇస్తే పిల్లలు తికమకపడతారని సార్ అభ్యంతరం. అందుకని "లేదా రెండూ సమానమా" అన్న మాట ప్రశ్నలోనే చేర్చాం. సంక్రాంతి సెలవులయ్యాక ఆయన పీలేరులో, నేను మా బడిలో ఏడో తరగతికి ఇదే ఇస్తాం. రాసిన కాగితాలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుకుంటాం, అన్నీ రైటయిన పిల్లలవి ముందుగా.