వయ్యారిభామ దెబ్బ

సెలవులకి ఊరొచ్చి, చేను గట్టు మీద వయ్యారిభామ కలుపుమొక్కల్ని ఉత్త చేతుల్తో పీకా. సాయంత్రానికి మోచేతుల దాకా దద్దుర్లు, ఒకటే దురద. "గ్లౌజులు లేకుండా ఎవడు పీకమన్నాడ్రా?" అని నాన్న చీవాట్లు. అమ్మ కొబ్బరినూనె రాస్తూనే తిట్టింది.

పేరేమో ముద్దుగా ఉంటుంది, ఆ తెల్లపూలు దూరం నుంచి కొత్తిమీర పూతలా కనిపిస్తాయి. పుట్టిల్లు మెక్సికో వైపు. మన దగ్గర 1950ల్లో పుణెలో కంటబడింది, అమెరికా గోధుమలతో దిగిందంటారు. ఆస్ట్రేలియానీ, ఇథియోపియానీ కూడా వదల్లేదు. ఒక్కో మొక్కకి వేలల్లో విత్తనాలు మరి! దీని ఆకులు తినే మెక్సికో పెంకుపురుగుల్ని 1984లో బెంగళూరులో వదిలారు. మా గట్టు దాకా అవి ఇంకా వచ్చినట్టు లేవు.

పూత పూయనివి ఇంకో రెండు వరసలున్నాయి. రేపు పొద్దున్నే, గ్లౌజులతో.