ముగ్గురు వాడే బ్రౌజర్‌లో ఎవరిది ఏది?

మారతహళ్లిలోని మా ఇంటి ల్యాప్‌టాప్‌లో, క్రోమ్‌లో మూడు ప్రొఫైళ్లు ఉన్నాయి: ఒకటి నా ఉద్యోగానికి, ఒకటి సొంత పనులకు, మూడోది అనంతపురం నుంచి వచ్చినప్పుడల్లా నాన్నగారు వాడుకునేందుకు. తీరిగ్గా చదవవలసిన పేజీల లింకులను డిస్కులోని ఒక ఫైలుకు చేర్చే చిన్న ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్‌ను) నేనే రాసుకుని మూడింటిలోనూ పెట్టాను. మొన్న ఆ ఫైలు తెరిస్తే, డేటాబేస్ వ్యాసాల నడుమ వేరుశనగ ధరల పేజీలు నాలుగు కనిపించాయి. తప్పు నాన్నగారిది కాదు. ఏది ఏ ప్రొఫైల్ నుంచి వచ్చిందో చూడకుండా అన్నింటినీ ఒకేచోట పోసింది నేను.

సరిచేయబోతే తెలిసింది, ప్రొఫైల్ పేరు మన కంటికి కనిపిస్తుందే గాని ఎక్స్‌టెన్షన్‌కు చెప్పే ఏపీఐ (ప్రోగ్రామ్ బ్రౌజర్‌ను అడిగి తెలుసుకునే మార్గం) లేదు. క్రోమ్ వెర్షన్ పేజీలో ‘డిఫాల్ట్’, ‘ప్రొఫైల్ 1’ వంటి ఫోల్డర్ పేర్లు ఉంటాయి కాని, ఆ పేజీలోకి ఎక్స్‌టెన్షన్లకు ప్రవేశం లేదు. ఫైలు రాసే నేటివ్ ప్రోగ్రామ్‌కు (బ్రౌజర్ బయట, కంప్యూటర్‌లో నడిచే తోడు ప్రోగ్రామ్‌కు) క్రోమ్ అందించే 32 అక్షరాల ఎక్స్‌టెన్షన్ ఐడీ మూడు ప్రొఫైళ్లలోనూ ఒక్కటే. గెట్‌ప్రొఫైల్‌యూజర్‌ఇన్ఫో అనే ఫంక్షన్ ఈమెయిల్‌ను ఇస్తుంది. అయితే దానికి మానిఫెస్ట్‌లో (ఎక్స్‌టెన్షన్ వివరాలు, అనుమతులు రాసే ఫైలులో) ప్రత్యేక అనుమతి కోరాలి, పైగా నాన్నగారిలా సైన్ ఇన్ చేయనివారి విషయంలో వచ్చేది ఖాళీ స్ట్రింగే, అంటే ఒక్క అక్షరమూ లేని జవాబే. ఇంట్లో ఎవరెవరున్నారో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ తెలియవలసిన అవసరం లేదు కనుక, విసుగు కలిగినా బ్రౌజర్ పక్షమే న్యాయమని ఒప్పుకోక తప్పలేదు.

చివరికి మిగిలిన దారి, గుర్తును మనమే పుట్టించుకోవడం. ఎక్స్‌టెన్షన్ మొదటిసారి నడిచినప్పుడు ఒక యూయూఐడీని (మరొకదానితో కలవకుండా పుట్టించే గుర్తింపు సంఖ్యను) తయారుచేసి, ఎక్స్‌టెన్షన్ తన సమాచారం దాచుకునే స్టోరేజ్ లోకల్‌లో దాచాను, ఎందుకంటే అది ఏ ప్రొఫైల్‌కు ఆ ప్రొఫైల్‌లో విడిగా ఉంటుంది. తొందరపడి మొదట స్టోరేజ్ సింక్‌లో పెట్టినప్పుడు, అదే ఖాతాతో సింక్ అయ్యే నా రెండో కంప్యూటర్‌కూ అదే సంఖ్య వెళ్లి కూర్చుంది. ఎక్స్‌టెన్షన్‌ను ఇన్‌స్టాల్ చేయగానే క్రోమ్ పంపే ఆన్‌ఇన్‌స్టాల్డ్ ఈవెంట్ (సంకేతం) అప్‌డేట్ వచ్చినప్పుడు కూడా వస్తుందని మరచి, ఒకసారి పాత సంఖ్యను చెరిపి కొత్తది రాసేశాను కూడా. ఇప్పుడు ముందుగా ఉందో లేదో చూసి, లేకపోతేనే రాస్తున్నాను. వేరియబుల్‌లో ఉంచుకుంటే చాలదు: దాదాపు 30 సెకన్లు పనిలేకుండా ఉంటే క్రోమ్ సర్వీస్ వర్కర్‌ను (ఎక్స్‌టెన్షన్‌లో తెరవెనుక నడిచే భాగాన్ని) ఆపేస్తుంది, దానితోపాటు ఆ విలువా పోతుంది.

36 అక్షరాల ఆ సంఖ్యను చూసి మనిషిని పోల్చుకోలేము కాబట్టి, ఆప్షన్స్ పేజీలో ‘ఈ ప్రొఫైల్ ఎవరిది?’ అని అడిగే ఒక పెట్టె పెట్టి, వచ్చిన జవాబునే ఫైలు పేరుగా వాడుకున్నాను. నాన్నగారు కళ్లద్దాలు సవరించుకుని, తెలుగు కీబోర్డు మీద నిదానంగా రెండక్షరాలు కొట్టారు. ఇప్పుడు ‘ఆఫీసు’, ‘సొంతం’ అనే ఫైళ్ల పక్కన, వేరుశనగ ధరలతో ‘నేనే’ అనే ఫైలు ఒకటి ఉంది.