పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్: చాసిస్, ఇంజిన్ తేల్చుకున్న తీరు

ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 క్యాంపర్‌కి (లోపలే పడుకుని వండుకునేలా అమర్చిన వ్యాన్) హైదరాబాద్‌లో వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే ముందు తేలాల్సింది ఒకటే: బండిలో ఉన్నది దాని ఇంజినేనా? 2021 నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. అందుకే ఆర్సీని చివరికి ఉంచి, ఇనుము మీది అంకెలతో మొదలుపెట్టాను.

చాసిస్ నంబరు ఇంజిన్ గదిలో కుడివైపు కొట్టి ఉంటుంది. ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయాలి. పెట్రోలు వాసన ఉన్నచోట పెయింట్ రిమూవర్ వాడబోతున్నాం మరి. రంగు పొరలు పెయింట్ రిమూవర్‌తోనే పోవాలి, ఎమరీ పేపర్ పెడితే అంకెలు అరుగుతాయి. టార్చి పక్కవాటుగా వేస్తే అంకెలు తేలతాయి. అప్పుడు పల్చని కాగితం ఆనించి మెత్తని పెన్సిల్‌తో రుద్దాలి. చుట్టూ వెల్డింగ్ గీత కనిపిస్తే రేకు వేరే బండిది కావచ్చు. ముందు సీటు వెనక ప్లేటు మీదా అదే నంబరు ఉండాలి.

1964 ఆగస్టు నుంచి చాసిస్ నంబరులో తొమ్మిది అంకెలు: మొదటి రెండూ బండి రకం (21 సామాన్ల ప్యానెల్ వ్యాన్, 22 మైక్రోబస్, 23 సీట్లు తీయగలిగే కోంబి), మూడోది మోడల్ సంవత్సరం చివరి అంకె. 1969 ఆగస్టు నుంచి పదంకెలు, నాలుగోది 2. అంటే 2312తో మొదలైతే 1971 మోడల్ కోంబి. ఫ్యాక్టరీ మోడల్ ఏడాది ఆగస్టులోనే మొదలవుతుంది కాబట్టి ఆర్సీలో 1970 అని ఉన్నా తప్పు కాదు. ఇది తెలియక మంచి బండినే అనుమానించేవాళ్లు చాలామంది. లోపల వెస్ట్‌ఫాలియా ప్లేటు ఉంటే అది క్యాంపర్ సామాను కట్టిన కంపెనీది, చాసిస్ నంబరు కాదు.

ఇంజిన్ దగ్గరే అసలు చిక్కు. నిలువు ఫ్యాన్ ఇంజిన్‌లో నంబరు డైనమో స్టాండు కింద క్రాంక్‌కేస్ (ఇంజిన్ ప్రధాన పెట్టె) మీద ఉంటుంది. అది మెగ్నీషియం మిశ్రమం, గ్రైండర్ తగిలితే చాలు, నంబరు పోతుంది. కిరసనాయిల్‌తో నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో తోమాలి. నంబరు ముందున్న అక్షరాలు ఇంజిన్ రకం కోడ్. హెచ్ ఉంటే 1500 సీసీ. 1967 ఆగస్టు తర్వాతి, ఒకే పెద్ద అద్దం ఉన్న బండిలో అది కనిపిస్తే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజిన్ తెచ్చి పెట్టారనే నా అంచనా. బి, ఏడీ 1600. సీఏ, సీబీ 1700, ఏపీ 1800. ఈ 1700, 1800 రెండూ బల్లపరుపు ఇంజిన్లు, ఫ్యాన్ క్రాంక్‌షాఫ్ట్ కొసనే ఉంటుంది.

కోడ్ క్రాంక్‌కేస్ గురించే చెబుతుంది, సిలిండర్ల గురించి కాదు. హెడ్ ఊడదీసినప్పుడు బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) కొలవండి: స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 69 మి.మీ. అయితే బోర్ 83 వచ్చినప్పుడు 1493 సీసీ, 85.5 వస్తే 1584.

సీటు వెనకే ఉండే చిన్న ఎమ్-ప్లేటు కింది వరుసలో, ఫ్యాక్టరీ ఆ బండికి పెట్టిన ఇంజిన్, గేర్‌బాక్స్ రకం కోడ్ రూపంలో ఉంటుంది. క్రాంక్‌కేస్ మీది అక్షరాలు దానితో కలిస్తే సరే. ఆ తర్వాతే ఆర్సీ తెరిచి ఒక్కో అంకె పోల్చాలి; 3కి 8, 1కి 7 పడటం మామూలు. తేడా ఉంటే పెన్సిల్ ప్రింట్లు, ఫోటోలు పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి దిద్దించుకోవాలి. ప్లేటు పోయిన బండికి ఫోక్స్‌వ్యాగన్ నుంచి జనన ధ్రువపత్రం (ఆ బండి తయారీ వివరాల పత్రం) తెప్పించుకోవచ్చు.