కీమో రోజుల్లో తిండి లెక్క: నా అనుభవం

ఒడిశాలోని బరంపురంలో మా అమ్మకు క్యాన్సర్‌కి కీమో నడిచినన్నాళ్లూ వంటా, తిండీ నేనే చూసుకున్నాను. పంచదార, అన్నం మానేస్తే గడ్డ ఎండిపోతుందని ఇటు తెలుగు చుట్టాలూ అటు ఒడియా ఇరుగుపొరుగూ ఒకే మాట చెప్పేవారు. ఆ మాట వినకండి. ఎందుకో చెబుతాను.

క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా లాక్కుంటాయని 1920ల్లోనే జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ గమనించాడు. ప్రాణవాయువు అందుతున్నా అవి గ్లూకోజును పూర్తిగా మండించకుండా లాక్టేట్ అనే సగం వాడిన పదార్థంగా వదిలేస్తాయి. అలా ఒక గ్లూకోజు నుంచి దక్కేది 2 ఏటీపీలు (ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం). ఆ లాక్టేట్‌ను తిరిగి గ్లూకోజుగా మార్చడానికి కాలేయం 6 ఏటీపీలు ఖర్చుపెడుతుంది. ఆ ఖర్చంతా రోగి ఒంటిదే. తిండి తగ్గించినంత మాత్రాన గడ్డ పస్తుండదు. కండలోని ప్రొటీన్‌ను కరిగించి కాలేయం గ్లూకోజు తయారుచేస్తూనే ఉంటుంది. అంటే పత్యం పేరుతో కరిగేది మనిషి.

లెక్క ఇలా వేసుకోవాలి. కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కిలోకేలరీలు, ప్రొటీన్ 1 గ్రాముకు తగ్గకుండా, వీలైతే 1.5 గ్రాముల దాకా. 50 కిలోల మనిషికి 1250–1500 కిలోకేలరీలు, 50–75 గ్రాముల ప్రొటీన్. కిడ్నీ జబ్బుంటే ప్రొటీన్ సంగతి ముందు డాక్టరుతో తేల్చుకోవాలి.

మన ఇళ్లలో అసలు చిక్కు అంబలి దగ్గరే వస్తుంది. 20 గ్రాముల చోడి (రాగి) పిండితో పల్చగా కాచిన గ్లాసెడు అంబలి కడుపు నింపుతుంది. దాంట్లో ఉండేది సుమారు 65 కిలోకేలరీలు, గ్రామున్నర ప్రొటీన్, అంతే. అదే పిండిని నీళ్లు తగ్గించి 100 మి.లీ. పాలతో కాచి, వేయించిన పల్లీల పొడి 15 గ్రాములు, చెంచాడు నెయ్యి కలిపితే 250 కిలోకేలరీలు దాటుతుంది, ప్రొటీన్ 8 గ్రాములకు చేరుతుంది. గ్లాసు మాత్రం అదే. తినగలిగేది నాలుగు ముద్దలైనప్పుడు ఆ నాలుగింటిలోనే సరుకు ఉండాలి. పప్పులో నెయ్యి, ఉప్మాలో పల్లీలు, కూరలో కాస్త ఎక్కువ నూనె, అన్నీ ఇదే దారి.

ప్రొటీన్ కూడిక: రెండు గుడ్లు 12 గ్రాములు, పాలూ పెరుగూ కలిపి అర లీటరు 16, కందిపప్పు 50 గ్రాములు 11, చేప 100 గ్రాములు 18, పల్లీలు 30 గ్రాములు 7, అన్నం నుంచి ఓ 10. అంటే 74. చేప పడనివాళ్లకు ఛెనా (విరిగిన పాల ముద్ద) బాగుంటుంది. కొట్టుది వద్దు, ఇంట్లో పాలు విరగ్గొట్టి అప్పటికప్పుడు వాడాలి.

క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో పఖాళ (నీళ్లలో పులియబెట్టిన ఒడియా అన్నం), చద్దన్నం, సగం ఉడికిన గుడ్డు, కాచని పాలు దగ్గరికి రానివ్వకూడదు. ఎండాకాలం మా గంజాం జిల్లాలో పఖాళ మాన్పించడం చాలా కష్టం, అయినా మాన్పించాలి. వాంతులు ఆపే మాత్ర తిండికి అరగంట ముందు. వేడి అన్నం వాసనకే వికారం వస్తే చల్లారాక పెట్టాలి. నోరు లోహం రుచి వస్తుంటే స్టీలు చెంచా మార్చి, నిమ్మకాయ పిండండి. నోట్లో పుళ్లుంటే మాత్రం పులుపూ కారమూ రెండూ మానాలి. కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా తినేసోడా, దానిలో సగం ఉప్పు కలిపి పుక్కిలిస్తే కాస్త మింగగలుగుతారు.

బరువు వారానికోసారి, పొద్దున్నే, ఒకే మిషను మీద. ఆరు నెలల్లో 5 శాతం మించి తగ్గితే ప్రమాదం. 50 కిలోలకు అది రెండున్నర కిలోలే. కాళ్లకో పొట్టకో నీరు చేరితే ముల్లు కదలదు, లోపల కండ మాత్రం పోతుంటుంది. అందుకే దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన జబ్బ చుట్టుకొలత కూడా రాసిపెట్టుకోవాలి. ఓపిక ఉన్నప్పుడల్లా కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివి చేయించాలి. కదలని కండకు ప్రొటీన్ సరిగ్గా పట్టదు.

వారం దాటినా ఏమీ తినలేకపోతే, లేదా అవసరంలో 60 శాతం కూడా వారం రెండు వారాలపాటు అందకపోతే, ముక్కులోంచి కడుపులోకి తిండి పంపే గొట్టం గురించి మీరే అడగండి, భయపడొద్దు. ఐదు రోజులకు పైగా దాదాపు పస్తున్నవాళ్లకు ఒక్కసారిగా పూర్తి తిండి పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. మొదటి రెండు రోజులూ అవసరంలో సగంతో మొదలుపెట్టి, ఆ రక్త పరీక్షలు చూసుకుంటూ పెంచమని, థయమిన్ (విటమిన్ బి1) కూడా ఇవ్వాలేమో చూడమని డాక్టరును అడగాలి.