చెయ్యి అడ్డం పెట్టకు అన్నారు

ఇక్కడ రీహాబ్ వార్డులో, అంటే జబ్బు చేసినవాళ్ళకి పనులు మళ్ళీ అలవాటు చేయించే చోట, కేర్ అసిస్టెంట్‌గా చేస్తున్నా. మొన్న ఒక పెద్దాయన చొక్కా బొత్తాం పెట్టుకోలేక అవస్థ పడుతుంటే చూడలేక నేను పెట్టబోయా, అంతే, ఫిజియోథెరపిస్ట్ అందరి ముందే "చెయ్యి అడ్డం పెట్టకు, ఆయన్నే చేసుకోనీ" అనేసింది. మనసు చివుక్కుమంది. తండ్రి వయసు మనిషి అలా పెనుగులాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డం మనవల్ల అయ్యే పనేనా?

ఆయనకి స్ట్రోక్ వచ్చింది చిన్నమెదడులో, కదలికలు గురి తప్పకుండా చూసే భాగం అది. బలం ఎక్కడికీ పోలేదు, నా చెయ్యి పట్టుకుంటే వేళ్ళు నొప్పెడతాయి. కానీ బొత్తాం కాజా దగ్గరికొచ్చేసరికి వేళ్ళు దాన్ని దాటి పక్కకి పోతాయి, వెనక్కి తెస్తే ఇటు పోతాయి, దగ్గరయ్యేకొద్దీ వణుకు ఎక్కువ. దీన్నే అటాక్సియా అంటారు, చెయ్యి పడిపోవడం వేరు, ఇది వేరు.

ఇంట్లోవాళ్ళు అడిగేది ఒకటే, మళ్ళీ మామూలు మనిషి అవుతారా అని. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత తగిలింది అన్నదాన్ని బట్టే. చిన్నమెదడు పైపొర వరకే అయితే చాలామంది బాగా తేరుకుంటారు, లోపలి కేంద్రకాల (లోతులో ఉండే నరకణాల గుంపులు) దాకా, మెదడు కాండం (మెదడుని వెన్నుపాముతో కలిపే భాగం) దాకా పోతే కష్టం. మొదటి 3 నెలల్లో మార్పు ఎక్కువ, 6 నెలలు దాటాక నెమ్మదిస్తుంది గానీ ఆగిపోవాలని లేదు. వంశపారంపర్యంగా వచ్చే అటాక్సియాలా ఏటేటా ముదిరేది కూడా కాదు, బీపీ అవీ చూసుకుంటూ ఇంకో స్ట్రోక్ రాకుండా కాపాడుకోవాలి. నమ్మకంగా నయం చేసే మాత్ర అంటూ లేదు, తప్పి, సరిచేసుకుని, అదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యడమే వైద్యం. అంటే ఆవిడ చెప్పింది నిజమే.

అయినా నాకు మింగుడుపడనిది ఒకటుంది. సెషన్ అయిపోగానే ఆవిడ వెళ్ళిపోతుంది, ఆయన మిగతా రోజంతా గోడ చూస్తూ ఒక్కరే. మనింట్లో అయితే మంచం పక్కన ఎవరో ఒకరు ఉంటారు కదా, అన్నీ చేతికి అందించేస్తాం నిజమే, కానీ ఆ ఉండే మనిషికి ఎలా ఉండాలో చెప్తే రోజంతా సాధన చేయించొచ్చు. ఇప్పుడు నేను ఖాళీ దొరికితే ఆయన ఎదురుగా కూర్చుని, మోచేతులు బల్లకి ఆనించుకోమంటున్నా, అప్పుడు వణుకు కాస్త తగ్గుతోంది. బొత్తాం మాత్రం ముట్టుకోను. నడిచేటప్పుడు మాత్రం పక్కనే ఉంటా, ఈ జబ్బుకి పడిపోయే ప్రమాదం ఎక్కువ, ఆ విషయంలో ఎవరేమన్నా వదలను.

ఈసారి టీమ్ మీటింగ్‌లో అడుగుదామనుకుంటున్నా, ఇంట్లోవాళ్ళని సాయంత్రాలు వచ్చి కూర్చోనివ్వమని, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో వాళ్ళకి చూపించే పని నాకివ్వమని.